వదిన పిట్ట

వదిన సంచీ సర్దుతోంది. ఎనిమిది రోజులకి అయిదు జతలు చాలనుకుంది. ఆరోది కూడా పెట్టింది. జిప్పు పట్టకపోయేసరికి ఆరోది తీసి మంచం మీద వేసి, మళ్ళీ ఏమనుకుందో మడత విప్పి చిన్నగా చుట్టి ఓ మూలకి దూర్చింది. దువ్వెన, తలనొప్పి మాత్రలు, ఫోను ఛార్జరు, అక్కకోసం కొన్న మోకాలి పట్టీ. అక్క మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆరుగంటల బస్సు ప్రయాణం. వచ్చే గురువారానికల్లా వచ్చేస్తానని వదిన పొద్దుటినుంచి అందరికీ చెబుతూనే ఉంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. భర్తకి రెండుసార్లు చెప్పింది, ఆడపడుచుకి నాలుగుసార్లు.

"డబ్బా తీసుకెళ్ళవా?" అంది ఆడపడుచు, కిటికీ పక్కన కంప్యూటర్ ముందునుంచి లేవకుండా.

బీరువా మీద రేకు డబ్బా ఉంది. అందులో వదిన పనిముట్లు: ట్రేసింగ్ కాగితాలు, గీతల వెంట చిల్లులు పొడిచే సూది, చిల్లుల మీద రుద్దే సుద్దపొడి. కుట్టుపని వాళ్ళకి వదిన డిజైన్లు గీసిస్తుంది. చిల్లుల కాగితం గుడ్డమీద పరిచి పొడి రుద్దితే పువ్వులూ ఆకులూ చుక్కలు చుక్కలుగా గుడ్డమీదకి దిగుతాయి.

"ఎనిమిది రోజులకి అదెందుకే. అక్కని బాత్రూంకి తీసుకెళ్ళనా, పువ్వులు గీస్తూ కూచోనా?"

"అయితే వెళ్ళేలోపు ఒక్క తీగ గీసివ్వు వదినా. బంగారం కదూ."

"పనుంటేనే బంగారం. లేకపోతే ఇనుము."

అంటూనే వదిన సంచీ పక్కకి జరిపి, మంచం పట్టె మీద అట్టపెట్టుకుని బాల్‌పెన్ను తీసింది.

ఆడపడుచుని ఇంట్లో అందరూ చిట్టి అంటారు. ముప్ఫయి నాలుగేళ్ళొచ్చినా ఆ పేరు పోలేదు. ఫోటో స్టూడియోలో పని. వచ్చినవాళ్ళ మొహాల మీద మచ్చలు తుడవడం, జుట్టు అంచులు చెదరకుండా వెనకాల రంగు మార్చడం. ఇంటికొచ్చాక అదే సాఫ్ట్‌వేర్‌లో ఇంకో పని, ఎవరూ చెప్పని పని. మొక్కలు పెంచేవాళ్ళ ఫోరం ఒకటుంది ఇంటర్నెట్‌లో. కుండీల్లో వంకాయలు కాయించినవాళ్ళూ, గులాబీకి పురుగు పట్టి ఏడ్చేవాళ్ళూ అక్కడ రాస్తుంటారు. ఆ పోస్టుల పైన అలంకారంగా ఉండే టైటిల్ బొమ్మలన్నీ చిట్టివే. ఆరేళ్ళుగా చేస్తోంది. ఈ ఆదివారం ఫోరం వార్షికోత్సవం, ఇప్పుడడిగిన తీగ దాని టైటిల్‌కే. ప్రతి బొమ్మకీ కుడివైపు కింద మూల ఒక పిట్ట వాలి ఉంటుంది. ఆ పిట్టని బట్టే ఫోరంలో ఆమె పేరు 'పిట్ట'.

వదిన తీగ గీస్తోంది. అందరూ తీగని మొదట్నుంచి గీస్తారు. వదిన కొస దగ్గర మొదలుపెట్టి వేరు దగ్గరికొస్తుంది. ఎక్కడ ఆగాలో ముందే తెలిస్తే ఎక్కడినుంచైనా రావచ్చు అంటుంది. పెన్ను ఎత్తదు. ఆకు దగ్గరికి రాగానే మణికట్టు కొద్దిగా వంచి, చుట్టు తిప్పి, మళ్ళీ కాడమీదకే వస్తుంది. చివర్లో ఎవరూ అడగకుండానే ఒక పిట్టని గీసింది. ఈసారి పిట్ట తల వెనక్కి తిప్పి చూస్తోంది.

చిట్టి కాగితాన్ని కిటికీ వెలుగులో ఫోటో తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. తెలుపుని ఇంకా తెలుపు, నలుపుని ఇంకా నలుపు చేసింది. కాగితం మడతలు, బొటనవేలి మరక, పెన్ను సిరా ముద్ద పడ్డచోటు ఒక్కొక్కటే చెరిపింది. తీగని ఒక లేయర్ మీద, ఆకుల్ని ఇంకో లేయర్ మీద, పిట్టని వేరే లేయర్ మీద పెట్టింది. అద్దపు పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. పై నుంచి చూస్తే ఒకటే బొమ్మ. పక్కన జాబితాలో మాత్రం దేని పేరు దానికుంటుంది. పేర్లు పెట్టకపోతే రేపు ఏది ఏదో తెలియదు. అక్షరాలు మాత్రం విడిగా తయారుచేసి తేవాలి. నేరుగా కొడితే వత్తులు విడిపోతాయి, లేదా కిందికి జారి అంచు దగ్గర తెగిపోతాయి.

వదిన జిప్పు లాగుతూ వెనక నిలబడింది. జాబితా చదివింది.

"వదిన తీగ. వదిన ఆకు ఒకటి, వదిన ఆకు రెండు. వదిన మొగ్గ. వదిన పిట్ట. అమ్మో, ఎన్ని వదినలే! ఇంటినిండా నేనే."

"మరి ఎవరివో గుర్తుండాలిగా."

"ఇవి బయటికి కనపడవూ?"

"కనపడవు. ఇది నా ఫైలు. ఫోరంలో పెట్టేది అన్నీ కలిపేసిన బొమ్మ."

వదిన జిప్పు వదిలేసింది. "ఒకసారి బయట కూడా పెట్టవే. ఏ మూలో. చీమంత."

"చోటెక్కడుంది వదినా. ఎత్తు నూట యాభై పిక్సెళ్ళు దాటనివ్వరు. వత్తులకే చాలట్లేదు."

"పిట్ట కాలి కింద పడుతుందేమో."

"పిట్ట కాలి కింద పెడితే అది పిట్ట రెట్టనుకుంటారు."

ఇద్దరూ నవ్వారు. వదిన కొంచెం ముందే ఆపింది.

"పోనీలే. లోపల ఉన్నాగా" అంది.

కింద వీధిలోంచి అన్నయ్య కేక వేశాడు. తనకి ఆఫీసు టైమయింది, బస్టాండు దాకా తను రాలేడు, మలుపు దాకా సంచీ మోసి పెడతాడు. వదిన గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "వెళ్ళొస్తానే చిట్టీ. పాలవాడికి రేపట్నుంచి వద్దని చెప్పు" అంది.

"ఊఁ" అంది చిట్టి. ఫైలు సేవ్ అవుతోంది. నీలంగీత సగానికొచ్చింది. అది నిండేదాకా తెరమీంచి చూపు తిప్పలేదు. తిప్పేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

శుక్రవారం మధ్యాహ్నం స్టూడియోలో అన్నం డబ్బా మూత తీస్తూ ఫోరం తెరిచింది. చూడగానే మూత చేతిలోనే ఉండిపోయింది.

తోటరాజు అని ఒకతను ఉన్నాడు అక్కడ. చేరి ఏడాది కాలేదు. నిమ్మచెట్టు గురించి పెట్టిన కొత్త పోస్టు పైన చిట్టి టైటిల్ బొమ్మ ఉంది. పోయినేడాది ఆమె బత్తాయికి చేసింది. పసుపుని కాస్త పచ్చచేశాడు. కుడిమూల పిట్టని కోసేశాడు. పిట్ట ఉన్నచోట బంగారురంగులో 'రూపకల్పన: తోటరాజు' అని రాసుకున్నాడు. కింద పద్నాలుగుమంది మెచ్చుకున్నారు. అతను అందరికీ ఒక్కొక్కరికీ కృతజ్ఞతలు చెప్పాడు.

"పిట్టని కోసేశాడు వెధవ!" అంది చిట్టి పైకే.

ఫోటోలు కత్తిరిస్తున్న ఓనరు అదిరిపడ్డాడు. "ఎవరమ్మా? ఎక్కడ? మన మేడ మీదేనా?"

జరిగింది చెప్పింది. ఓనరు తెర దగ్గరికొచ్చి అద్దాలు నొసటిమీదకి తోసుకుని చూశాడు. "నిజమే, అంచు దగ్గర ఇంకా తోక మిగిలింది చూడు. కోయడం కూడా చేతకాలేదు వాడికి." తర్వాత అన్నాడు, "అయినా అంత ఏడవడం దేనికి? ఆరేళ్ళు అందరికీ ఊరికే చేసిపెట్టావు. ఊరికే వచ్చినదాన్ని ఎవడైనా తన జేబులోంచే వచ్చిందనుకుంటాడు."

"పేరు సార్. నా పేరు తీసేసి వాడి పేరు పెట్టుకున్నాడు. చేసింది ఒకళ్ళు, పేరు ఇంకొకళ్ళదా? ఇదేం న్యాయం?"

అన్నం చల్లారిపోయింది. అన్నం డబ్బా మూతపెట్టి ఫిర్యాదు రాసింది. గంటలో తోటరాజు జవాబు: డిజైన్లు తనవేననీ, 'పిట్ట'గారే తన దగ్గర చూసి చేశారనీ, పెద్దావిడ కదా అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాననీ.

"పెద్దావిడా!" అంది చిట్టి. దొంగతనం కన్నా అది ఎక్కువ మండింది.

సాయంత్రానికి ఫోరం నడిపే హెడ్‌మాస్టర్ రంగంలోకి దిగారు. నిజంగానే రిటైరైన హెడ్‌మాస్టరు. ఫోరంని కూడా బడిలాగే నడుపుతారు. "ఇద్దరూ అరుచుకోవద్దు. బొమ్మ ఎవరిదో తేల్చడం తేలికే. తయారుచేసినవాళ్ళ దగ్గర లేయర్లు విడివిడిగా ఉన్న ఫైలుంటుంది. దొంగిలించినవాళ్ళ దగ్గర కలిపేసిన బొమ్మే ఉంటుంది. ఫైలు తెరిచి, లేయర్ల జాబితా మొత్తం కనపడేలా ఫోటో తీసి పంపండి. వార్షికోత్సవం రోజున అందరిముందూ పెడతాను. ఆదివారం ఉదయం పదిలోపు."

చిట్టి లేచి నిలబడినంత పనిచేసింది. లేయర్లా? లేయర్లయితే తన దగ్గర లెక్కప్రకారం ఉన్నాయి. వాడి దగ్గర ఏముంది, బూడిద.

శనివారం పొద్దున్న ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. వంటింట్లో పాలు పొంగి పొయ్యిమీద మాడి వాసనొస్తోంది. వదినుంటే ఆ వాసన ఇంట్లోకి వచ్చేది కాదు. చిట్టి పొయ్యి తుడిచి, చేతులు కడుక్కుని కంప్యూటర్ ముందు కూచుంది. బత్తాయి ఫైలు తెరిచింది. కుడివైపు జాబితా దొర్లింది.

వదిన కొమ్మ. వదిన ఆకులు ఎడమ. వదిన ఆకులు కుడి. వదిన కాయ. వదిన కాయ చిన్నది. వదిన పిట్ట.

ముప్ఫయ్యొక్క లేయర్లు. ఇరవై రెండింటి ముందు వదిన. మిగిలిన తొమ్మిదీ అక్షరాలు, నీడలు, రంగులు.

చిట్టి కుర్చీ వెనక్కి జరిపింది.

ఇది అందరిముందూ పెడతారు. చూసినవాళ్ళు అడుగుతారు, ఈ వదిన ఎవరని. రెండేళ్ళ కిందట గులాబీ అత్త అనే ఆవిడ అడిగింది, "ఈ తీగలు మీరే గీస్తారా పిట్టగారూ, మీ చేతికి దణ్ణం పెట్టాలి" అని. చిట్టి అవుననలేదు. కాదనీ అనలేదు. నవ్వుమొహం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంది. ఆ తర్వాత చాలామంది చేతిని మెచ్చుకున్నారు. నవ్వుమొహాలు కూడా చాలా అయ్యాయి.

ఫోను తీసి వదినకి చేసింది. ఏం చెప్పాలో అనుకోలేదు. అడుగుదామనే చేసింది.

"చిట్టీ, చెప్పు. త్వరగా చెప్పు, అక్కని లేపాలి" అంది వదిన ఆయాసంగా. వెనక ఎవరో మూలుగుతున్నారు. "పాలవాడికి చెప్పావా?"

"మర్చిపోయా."

"అనుకున్నా. మాడ్చావా?"

"కొంచెం. కాలెలా ఉంది?"

"కాలు బానే ఉంది, నోరే తగ్గలేదు. ఇదిగో, ఆ టైటిల్ అయిందా? నిన్న అక్కకి చెప్పా, నా బొమ్మలు కంప్యూటర్‌లో ఉన్నాయే, లోపల అన్నిటికీ నా పేరే అని. నమ్మట్లేదు. బావగారైతే నవ్వారు. పేరు లోపలెందుకు దాక్కుంటుంది, నువ్వేమైనా అప్పు ఎగ్గొట్టావా అని. ఈసారి నువ్వు ఫైలు తెరిచినప్పుడు ఒక ఫోటో తీసి పంపవే. ఆ పేర్లున్నది. చూపిస్తా."

"పంపుతాలే" అంది చిట్టి.

"మర్చిపోకు. పాలవాడిలాగా."

ఫోను పెట్టేసి మళ్ళీ తెరవైపు తిరిగింది. ఇది వదిన మీద చేసేది కాదు, వాడి మీద చేసేది, అనుకుంది. గీత వదినదే. కానీ మడతలు చెరిపింది ఎవరు? రంగు నింపింది ఎవరు? తెగిన వత్తుల్ని అతికించుకుంటూ కళ్ళు మండించుకున్నది ఎవరు? కాగితం మీద ఉన్నంతకాలం దాన్ని ఎవరు చూశారు? ఇవన్నీ నిజాలే. నిజాలు కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి తేలిగ్గా వచ్చాయి.

మొదటి పేరు మీద రెండుసార్లు నొక్కింది. పేరు చుట్టూ చిన్న పెట్టె తెరుచుకుంది. 'వదిన' ముందుకి కర్సర్ తీసుకెళ్ళి ఒక్కో అక్షరం చెరిపింది. 'కొమ్మ' మిగిలింది. తర్వాతది. 'ఆకులు ఎడమ'. తర్వాతది. అయిదో దానికొచ్చేసరికి చేయి అలవాటు పడింది. స్టూడియోలో మొహాల మీద మచ్చలు తీసేటప్పుడు కూడా ఇంతే, మొదటిది కష్టం. ఇరవై రెండూ అయ్యేసరికి పదినిమిషాలు కూడా పట్టలేదు. చివరిది పిట్ట. అక్కడ ఆగి, పేరు మొత్తం తీసేసి 'నా గుర్తు' అని కొట్టింది.

పాత ఫైలు మీదే సేవ్ చేసింది. వేరే పేరుతో దాచాలని తట్టలేదు. పనిలో ఎప్పుడూ చేయని పొరపాటు అది.

ఫోటో తీసి హెడ్‌మాస్టర్‌కి పంపింది. వదినకి పంపలేదు.

ఆదివారం పదింటికి హెడ్‌మాస్టర్ తీర్పు పెట్టారు. పైన వార్షికోత్సవం టైటిల్, వదిన బుధవారం గీసిన తీగతో. కింద లేయర్ల జాబితా, ఎవరైనా చదువుకునేలా పెద్దదిగా. "తోటరాజుగారి నుంచి ఏ ఫైలూ రాలేదు. కంప్యూటర్ పాడైందన్నారు. పదేళ్ళుగా నేను విన్న సాకుల్లో ఇది కొత్తది కాదు. ఆయన సభ్యత్వం రద్దు. 'పిట్ట'గారి లేయర్లు చూడండి. ముప్ఫయ్యొక్కటి, ఒక్కటి కూడా కలిపేయలేదు. నిజాయితీగా పనిచేసేవాళ్ళ బల్ల ఇలా ఉంటుంది. ఇకనుంచి ఫోరంలో ప్రతి పేజీ కిందా 'టైటిళ్ళు: పిట్ట' అని ఉంటుంది."

మధ్యాహ్నానికి నూటపది అభినందనలు. గులాబీ అత్త రాసింది: "ఆ చేయి ఎవరిదో నాకు ముందే తెలుసు. ఒక్క తీగ చూస్తే చాలు."

అన్నయ్య అన్నం తింటూ, "ఎవడే ఆ తోటరాజు? పొద్దుటినుంచి వాడి జపమే. సంబంధమేమైనా కుదిరిందా?" అన్నాడు.

"దొంగవెధవ. నా పేరు కొట్టేశాడు. పట్టించా."

"మంచిపని చేశావ్. మీ వదినకి చెప్పు, సంతోషిస్తుంది. దాని బొమ్మలేవో కూడా ఉన్నాయిగా అందులో?"

చిట్టి మంచినీళ్ళు తాగింది.

నాలుగింటికి ఫోను మోగింది. వదినే. వెనక ఎవరూ మూలగడం లేదు. వరండాలోకో, మేడ మీదకో వచ్చి మాట్లాడుతోంది. గాలి చప్పుడు వినిపిస్తోంది.

"చూశామే" అంది వదిన. "అక్కకి పొద్దుపోక నీ ఫోరంలో చేరింది పొద్దున్నే. మునగచెట్టు అని పేరు పెట్టుకుంది. మొదటి పోస్టే అది కనపడింది."

"వదినా..."

"కొమ్మ. ఆకులు ఎడమ. ఆకులు కుడి. కాయ. చదివా. పెద్దది చేసుకుని ఇంకోసారి చదివా. అక్క కూడా వేలుపెట్టి చదివింది."

"అది వాడికోసం వదినా. లేకపోతే వాడు..."

"లోపల కూడా తీసేశావా?"

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఇక్కడి వీధో, అక్కడి వీధో తెలియలేదు.

"అక్క నవ్వింది. నేనూ నవ్వా. ఏం చెయ్యను మరి" అంది వదిన. గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండుననిపించింది చిట్టికి.

"మళ్ళీ పెట్టేస్తా. ఇప్పుడే, నువ్వు లైన్లో ఉండగానే..."

"వద్దులే. నువ్వు పెడితే ఉంటా, తీస్తే పోతా. అంతేగా నా సంగతి. కంప్యూటర్‌లోనే కాదులే." వెంటనే మాట మార్చింది. "మీ అన్నయ్య తిన్నాడా?"

"తిన్నాడు."

"సరే, ఉంటా."

ఉంటా అని పెట్టేసింది. ఎప్పుడూ 'గురువారం వస్తాగా' అని పెట్టేది.

బుధవారం సాయంత్రం అన్నయ్య ఆఫీసునుంచి వస్తూనే, "మీ వదినకి ఇంకొన్నాళ్ళు పడుతుందట. డబ్బా పంపించమంది. రేపు మా ఆఫీసువాళ్ళు అటే వెళ్తున్నారు, ఇస్తా. ఏం డబ్బా?" అన్నాడు.

"బీరువా మీద ఉంది."

"ఎప్పట్నుంచి?" అన్నాడు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు.

చిట్టి కుర్చీ ఎక్కి రేకు డబ్బా దింపింది. సుద్దపొడి ఒలకకుండా దాన్ని గుడ్డలో మూటకట్టింది. సూదికి బిరడా గుచ్చింది. సంచీ తెచ్చి అడుగున బట్టపరిచి అన్నీ ఒక్కొక్కటే సర్దింది. అన్నిటికన్నా కింద దారంతో కట్టిన కాగితాల కట్ట ఉంది. ఇవి చిల్లులు పొడవనివి. కుట్టుపని వాళ్ళకోసం గీసినవి కావు. తను ఫోటో తీసుకుని బల్లమీద వదిలేస్తే వదిన తీసి దాచినవి. ఆరేళ్ళవీ ఉన్నాయి. బొటనవేలి మరకలతో, సిరా ముద్దలతో, తను చెరిపేసినవన్నీ ఇక్కడ అలాగే ఉన్నాయి.

ప్రతి కాగితం వెనకా పెన్సిల్‌తో గుర్తుకోసం రాసి ఉంది. చిట్టి కొమ్మ. చిట్టి ఆకులు. చిట్టి కాయ. చిట్టి పిట్ట.

కట్టంతా తిరగేసింది. అన్నిటి మీదా ఉంది. ఎక్కడా చెరిపినట్టు లేదు.

ఒక కాగితం, వెనక్కి చూస్తున్న పిట్టది, పక్కకి తీసింది. తన దగ్గరుంచుకుందామనుకుంది. మళ్ళీ కట్టలో పెట్టింది. మళ్ళీ తీసింది. చివరికి కట్టలోనే పెట్టి దారం కట్టి, సంచీ జిప్పు లాగింది. జిప్పు తేలిగ్గానే పట్టింది.

ఆ సాయంత్రమే కంప్యూటర్ తెరిచి ఇరవై రెండు చోట్లా 'వదిన' అని మళ్ళీ కొట్టింది. సేవ్ చేసింది. ఫోటో తీసి వదిన ఫోనుకి పంపింది. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. హెడ్‌మాస్టర్‌కి ఉత్తరం మొదలుపెట్టి, 'అయ్యా, ఆ తీగలు' దాకా రాసి ఆపింది. పేజీ కింద చిన్న అక్షరాల్లో 'టైటిళ్ళు: పిట్ట' అని ఉంది. ఆ ఉత్తరం ఇప్పటికీ అక్కడిదాకానే ఉంది.

అన్నయ్య రెండు నెలల తర్వాత ఒకసారి వెళ్ళాడు. ఒక్కడే తిరిగొచ్చాడు. ఏమందని అడిగితే, "ఏమీ అనలేదు. పనిలో ఉంది" అన్నాడు.

వదిన ఆ ఇంటి మెట్లు దిగింది ఫిబ్రవరి పద్దెనిమిది, బుధవారం, ఉదయం తొమ్మిదింటికి. వస్తానన్న గురువారం ఇరవై ఆరో తేదీ. ఆ రోజు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.